తరగతి యొక్కటి, మెట్లు నాలుగు

సంవత్సరాంత పరీక్షలు ముగిసి బాలబాలికలు పై తరగతులకు బోవు దినములలో తలిదండ్రులు మమ్ము నడుగు ప్రశ్న యొక్కటే. "అయ్యా, మావాడు ప్యాసయినాడా?" అని యడుగుదురు. "మావాడు చదువగలడా?" అని యడుగువా రరుదు. ఈ రెండును నొకే ప్రశ్న యని పెక్కుమంది తలంతురు. ఒకప్పుడు మేమును నట్లే తలంచితిమి. అవి వేర్వేఱు ప్రశ్నలని మాకు నేర్పినవా డొక బాలుడు.

పండ్రెండు సంవత్సరముల క్రిందట మేము వేఱొక పాఠశాలలో నైదవ తరగతికి దెలుగు చెప్పుచుంటిమి. ఆ బాలుని తండ్రి రేవులో కళాసీ. బాలుడు బడి మానెడివాడు కాడు. పాఠము చదువుమన్నచో లేచి, తడబాటు లేక గడగడ చదివెడివాడు. మేమును సంతసించి మార్కులు వేసితిమి. ఒకనా డతడు చదువుచుండగా కిటికీనుండి సముద్రపుగాలి వీచి వాని పుస్తకములో రెండు పుటలు తిరిగిపోయెను. వాని చూపు పుస్తకముమీదనే యుండెను. నోటినుండి మాత్రము పాత పాఠమే వచ్చుచుండెను. మేము దగ్గఱకు బోయి, క్రొత్త పుటలోని యొక చిన్న మాటపై వ్రేలుంచి, "ఇది యేమి?" అంటిమి. వాడు మా మొగము చూచెను. పిమ్మట ప్రక్కవాని మొగము చూచెను. ఆ మాట "పల్లె". ఇతరులు చదువగా విని విని పుస్తకమంతయు కంఠస్థము చేసిన యా బాలునికి లకారపు టొత్తు తెలియదు.

తరగతి యెల్ల నవ్వెను. మేము వారింపలేదు సరిగదా, "ఇన్నాళ్లును మమ్ము మోసగించితివా?" అని గద్దించితిమి. మఱునాడు వాడు రాలేదు. వారము గడచినను రాకపోగా మేము వానియింటికి బోయితిమి. వాడు చేపలరేవులో మంచుగడ్డలు మోయు పనికి గుదిరినాడట. తిరిగి పంపుమని మేము వేడగా, తండ్రి కోపపడకయే, "ఆడికి సదువు రాదని మీరే తేల్చేసినారు గదా, మేస్టారూ!" అనెను. మా కుత్తరము దోచలేదు. ఎవరు మోసగించిరి? ఒకటవ తరగతిలో నాగిపోయిన బాలుని నాలుగు తరగతులు దాటించి, ఐదవ తరగతి పాఠము చెప్పుచున్నామని చెప్పుకొన్న వారము మేమే గదా!

ఇది యొక బాలుని కథయే యైనచో నిచ్చట వ్రాయనక్కఱలేదు. 1995వ సంవత్సరమున ముంబయిలో నారంభమైన ప్రథమ్ సంస్థ 2005 మొదలుకొని దేశమందలి గ్రామములలో నింటింటికి బోయి పిల్లలచే జదివించి చూచుచున్నది. దాని లెక్కల ప్రకారము, రెండవ తరగతి స్థాయి కథను చదువగలిగిన మూడవ తరగతి పిల్లలు 2018లో నూటికి 27.3; పాఠశాలలు మూతపడిన కోవిడ్ కాలము తరువాత 2022లో 20.5, 2024లో 27.1. ఐదవ తరగతిలో సైతము 2024లో నూటికి 48.8 మందియే యా కథను చదువగలిగిరి. ఇవి గ్రామముల లెక్కలు, మన పట్టణము వేఱు అనువారు మా యాఱవ తరగతిలో జూను మాసమున నొక దినము గూర్చుండి చూడవచ్చును.

మన లిపి యక్షర మక్షరముగా నేర్చుకొనదగినదే. కాని దానికి మెట్లు గలవు. అచ్చులు, హల్లులు మొదటి మెట్టు. గుణింతములు రెండవది. ఒత్తులు మూడవది. వాక్యమును నిలుపక చదివి యర్థము జెప్పుట నాలుగవది. మూడవ మెట్టే మిక్కిలి కఠినము. ఏలయన త, న, మ, య, ర, ల యను నక్షరముల యొత్తులు తమ మూలాక్షరమును బోలవు. పిల్లవాడు ముందుగా బలుకు నమ్మ, నాన్న, అన్న, అయ్య యను మాటలన్నియు నీ యొత్తులతోనే కూడియున్నవి. నోట నంత సులభముగా నున్న మాట పలకమీద నంత కష్టముగా నుండును. ఒక మెట్టు తప్పినవాడు తరువాతి మెట్టును దనంతట నెక్కలేడు. కాని తరగతి వానికొఱకు నిలువదు. పాఠ్యపుస్తకము మొదలే నిలువదు.

ఇంటిభాష మఱియొక చిక్కు. రేవుపనులకును, ఉక్కుకర్మాగారపు పనులకును ఒడిస్సా, బీహారు మొదలగు రాష్ట్రములనుండి వచ్చిన కుటుంబముల పిల్లలు మన తరగతులలో గలరు. జాలరిపేట పిల్లవాని పలుకుబడి వేఱు, పుస్తకపు భాష వేఱు. ఇరువదవ శతాబ్ది తొలి సంవత్సరములలో ఈ ప్రాంతమున బాఠశాలల పరీక్షాధికారిగా నుండిన యేట్సు దొరయు, విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షుడు శ్రీనివాసయ్యంగారును, గురజాడ అప్పారావుగారును, గిడుగు రామమూర్తిగారును పట్టుకొనిన ప్రశ్న యిదియే. వాడుకభాషోద్యమమున కదియే నాంది. రామమూర్తిగారు సవర పిల్లలకు సవరభాషలోనే వాచకములు వ్రాసిరి. ఈ వ్యాసపు భాష పసిపిల్లలకు బెట్టదగినది కాదని మే మెఱుగుదుము. మొదటి మెట్లమీద నున్నవానికి వాని నోటిమాటలనే వ్రాసి చదివింపవలయును.

అయినచో నుపాధ్యాయు డేమి చేయవలెను? వయస్సునుబట్టి గాక మెట్టునుబట్టి దినమున కొక గంట బోధింపవలె నని మా యభిప్రాయము. ఇది మన దేశమునకు క్రొత్త గాదు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ దొర 1823లో దన జిల్లాలోని 533 తెలుగు, కన్నడ మున్నగు బడులనుగూర్చి ప్రభుత్వమునకు వ్రాసిన నివేదికలో, ఆ బడులలో సాధారణముగా నాలుగు తరగతు లుండెననియు, బాలుడు తన శక్తిని, అభివృద్ధినిబట్టి పైకి బోవుచుండెననియు, క్రిందివారికి బెద్ద బాలురు చెప్పుచుండిరనియు మెచ్చుకొనెను. అర్థము దెలియక పద్యములు వల్లించుటలో వారు చిలుకలవంటివారని తప్పును బట్టెను. ఆ వీధిబడుల గుణమును విడిచి, తప్పును మాత్రము మేము నిలుపుకొంటిమి కాబోలు.

ఈ కాలమున జరిగిన పరీక్షలును నిదే చెప్పుచున్నవి. 2001 మొదలు 2003 వఱకు ముంబయి, వడోదర నగరములలో వెనుకబడిన పిల్లలను దినమునకు రెండు గంటలు వేఱుగా గూర్చుండబెట్టి, బాలసఖు లను స్థానిక యువతులచే జెప్పించిరి, పిల్లలు మెఱుగుపడిరి. 2008లో బీహారు ప్రభుత్వోపాధ్యాయులు వేసవి శిబిరములలో నీ రీతిగా బోధింపగా ఫలించెను; అదే రాష్ట్రమున నుపాధ్యాయులకు శిక్షణమును పుస్తకములును మాత్రమే యిచ్చి బడి దినములలో విడిచిపెట్టిన చోట్ల మార్పు గానరాలేదు. హర్యానాలో 2012–13లో దినమున కొక గంట ప్రత్యేకించి, తరగతులు కలిపి, మెట్లనుబట్టి విభజించి, పర్యవేక్షకులు తోడుపడగా హిందీ పఠనము వృద్ధిచెందెను. దీనినిబట్టి తెలియున దేమన, పద్ధతి పుస్తకమందుండిన జాలదు. కాలపట్టికలో దానికొక గంట యుండవలెను.

హెచ్చరికయు నొకటి గలదు. అమెరికాలో 2004 నాటి శాసనము పిమ్మట నంచెలవారి పఠనసహాయము విస్తరించెను. 13 రాష్ట్రములలోని 146 పాఠశాలలను బరిశీలించి 2015లో బ్రకటించిన నివేదికలో, గీతకు గొంచెము దిగువనుండి ప్రత్యేకబోధనకు బంపబడిన యొకటవ తరగతి పిల్లలు, గీతకు గొంచెము పైనుండి పంపబడని వారికంటె వెనుకబడి రని తేలెను. పిల్లవానిని వేఱుచేసినంత మాత్రమున మేలు కలుగదు. ప్రధాన పాఠమునుండి వానిని దప్పించినను, వాని లోప మొకటియుండ మనము వేఱొకటి బోధించినను, కీడే కలుగవచ్చును.

కావున మా పాఠశాలాధికారులకును, తోడి యుపాధ్యాయులకును మే మీ క్రింది విధముగా మనవి చేయుచున్నాము. సంవత్సరారంభమున బ్రతి బిడ్డను నొంటరిగా గూర్చుండబెట్టి, ఎన్నడును జూడని పుటను జదివించి, మెట్టును గుర్తింపవలెను. పదిమంది యెదుట గాదు. మూడు, నాలుగు, ఐదు తరగతులవారిని బ్రతిదిన మొక గంట మెట్లనుబట్టి కలుపవలెను. తక్కిన కాలమంతయు ఎవరి తరగతిలో వారుండవలెను. ఆఱు వారముల కొకమాఱు తిరిగి పరీక్షించి పైమెట్టునకు బంపవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, మొదటి మెట్టును మిక్కిలి యనుభవముగల యుపాధ్యాయునకే యప్పగింపవలెను. క్రొత్తగా జేరినవారికి జిన్నపిల్లలను, పెద్దవారికి బెద్ద తరగతులను నిచ్చు నాచారమును మేమును ననుభవించితిమి. అది యుపాధ్యాయుల గౌరవమునకు దగినదేమో గాని బిడ్డల యక్కఱకు దగినది కాదు.

దీనికి మూ డాక్షేపణలు వినవచ్చుచున్నవి. పాఠ్యక్రమము పూర్తి కాదని యొకటి. చదువలేనివానికి బూర్తియైన పాఠ్యక్రమమువలన నేమి లాభము? ఉపాధ్యాయులు చాల రని రెండవది. ఇది నిజము, ఇద్దఱే యున్న బడిలో నాలుగు జట్లు నడపుట సులభము గాదు. అట్టిచోట రెండు జట్లయినను జేయవచ్చును. బిడ్డ చిన్నబుచ్చుకొనునని మూడవది. దీనిని మేము తేలికగా దీసివేయము. గత సంవత్సరము మే మొక జట్టును గూర్చినప్పుడు, తమ్ముడు పై మెట్టులో నుండగా నక్క క్రింది మెట్టులో గూర్చుండవలసివచ్చెను. ఆ బాలిక రెండు దినములు నోరు తెఱవలేదు. మేము జట్ల యంకెలను దీసివేసి, ఆమెచేత వాళ్లమ్మ చెప్పిన కథను జెప్పించి, ఆ మాటలనే నల్లబల్లమీద వ్రాసి చదివించితిమి. తన మాట బల్లమీద జూచుకొన్న తరువాత నామె నోరు విప్పెను. అయినను, తమ్ముని యెదుట నామెకు గలిగిన బాధ మా తొందరపాటువలన గలిగినదే.

మన రేవునే చూడుడు. 1933లో దెఱవబడిన యీ రేవునకు లోపలి భాగమొకటి, వెలుపలి భాగమొకటి గలవు. ఓడ నీటిలో నెంత లోతు మునుగునో ముందుగా దెలిసికొని, దానికి దగిన చోటికి దెత్తురు. ఎక్కువ లోతు మునుగుననియో తక్కువ మునుగుననియో యే యోడను నెవ్వరు నవ్వరు. కొలత దెలియక తెచ్చిన యోడ మాత్రము నేలకు దగులును.

తలిదండ్రులారా, మీ బిడ్డ క్రింది మెట్టున నున్నాడని విన్నప్పుడు వానిని గొట్టకుడు, ప్రక్కింటివానితో బోల్చకుడు. మీకు జదువు రాకున్నను, రాత్రి పది నిమిషములు వాని ప్రక్క గూర్చుండి, చదివినదాని యర్థ మడుగుడు. పై తరగతుల విద్యార్థులారా, వీధిబడుల పెద్ద బాలుర పని మీకు దగినదే. వారమున కొక గంట యొక చిన్నవాని ప్రక్క గూర్చుండుడు. వాడు తప్పు చదివినప్పుడు నవ్వకుండుటయే మీ మొదటి పాఠము.

ఆ బాలుడు తిరిగి బడికి రాలేదు. చేపలరేవువైపు బోయినప్పుడెల్ల మా కన్నులు వానిని వెదకును. వచ్చు జూనులో బడి తెఱచిననాడు, మీ బిడ్డ యే తరగతిలో నున్నాడని గాక యే మెట్టుమీద నున్నాడని మమ్ము నడుగుడు. ఉత్తరము జెప్పలేకపోయినచో ఆ సిగ్గు బిడ్డది గాదు, మాది.