కారు ఎందుకు అలిగింది?

మే నెల, ఆదివారం రాత్రి పది. నాచారంలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్. కారులో ఛార్జ్ 11 శాతం. పొద్దున్నే అమ్మని చెకప్‌కి తీసుకెళ్లాలి, అటునుంచి అటే పోచారంలో ఆఫీసు. ప్లగ్ పెట్టా. రోజూ పచ్చగా వెలిగే ఛార్జర్ ఎర్రగా మిణుకుమంటోంది. తీసి మళ్లీ పెట్టా. ఎరుపే. మన వృత్తి ధర్మం ప్రకారం ఆఫ్ చేసి ఆన్ చేశా. ఊహూ!

కోడ్‌లో బగ్ ఎక్కడుందో తెలియకపోతే ఒక్కో భాగాన్నీ పక్కకి తీస్తూ వెళ్తాం కదా. ఇక్కడా అదే చేశా. ముందు సెట్టింగ్స్. ఫలానా టైమ్‌కే ఛార్జ్ మొదలవ్వాలని పెట్టి మర్చిపోయానా? లేదు. తర్వాత 12 వోల్టుల చిన్న బ్యాటరీ. అది డౌనైతే పెద్ద బ్యాటరీ ఎంత బాగున్నా కారు నిద్ర లేవదు. కానీ స్క్రీన్, డోర్లు మామూలుగానే ఉన్నాయి.

ఉప్పల్‌లో ఏదో ఒక ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికి వెళ్తే పనైపోయేది, కానీ తప్పెక్కడుందో తేలేది కాదు. అక్కడిచ్చే డీసీ కరెంటు నేరుగా బ్యాటరీకి వెళ్తుంది. ఇంటి ఏసీని డీసీగా మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్‌తో దానికి పని లేదు. అందుకే రామంతాపూర్‌లో బాబాయి వాళ్లింటికి వెళ్లి, ఇదే ఛార్జర్ వాళ్ల 15 ఆంప్స్ సాకెట్‌లో పెట్టా. టక్కున పచ్చ లైట్! కారు ఓకే, ఛార్జర్ ఓకే. దోషి మా సెల్లార్ సాకెట్. ఆ రాత్రి అక్కడే పడుకున్నా. గంటకి మూడు యూనిట్ల చొప్పున తెల్లారేసరికి సరిపడా ఎక్కింది.

సోమవారం సాయంత్రం ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మల్టీమీటర్ పెట్టాడు. ఫేజ్‌కి, న్యూట్రల్‌కి మధ్య 228 వోల్టులు. బాగుంది. న్యూట్రల్‌కి, ఎర్త్‌కి మధ్య 41!

“ఇది రెండు మూడు ఉండాలె తమ్మీ. ఎర్త్ పోయినట్టుంది. ఏం ఫికర్ లేదు, న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న వైర్ ముక్క ఏస్తా. ఐదు నిమిషాల్ల పచ్చ లైట్ వస్తది.”

నిజం చెప్తున్నా, “సరే అన్నా” అనేశా. అతను స్క్రూడ్రైవర్ తీశాడు. పక్కనే నిలబడి చూస్తున్న మా వాచ్‌మన్ అప్పుడు నోరు విప్పాడు.

“జర నీళ్ల మోటర్ గూడ సూడుండ్రి సార్. నెల సంది ముట్టుకుంటే జివ్వుమంటుంది. మా పిల్లని అటు పోనిస్తలేను.”

స్క్రూడ్రైవర్ ఆగింది. నాకు అప్పటికి గానీ విషయం బుర్రకెక్కలేదు.

మోటర్‌లో కరెంటు లీకవుతోంది. లీకైన కరెంటు ఎర్త్ వైర్ గుండా నేలలోకి పోవాలి. ఆ దారి ఎక్కడో తెగింది. దాంతో అది వైర్ మీదే నిలబడి, మోటర్ బాడీకీ, మా సాకెట్‌లోని మూడో రంధ్రానికీ చేరింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ ఎర్త్ ఉందా అని అడగవు. కారు ఛార్జర్ మాత్రం ముందు అది చూసుకున్నాకే పని మొదలుపెడుతుంది. లేదంటే మొరాయిస్తుంది.

మరి ఆ వైర్ ముక్క? ఛార్జర్‌ని నమ్మిస్తుంది, అంతే. రేపు ఎక్కడైనా న్యూట్రల్ తెగితే 230 వోల్టులు నేరుగా కారు బాడీ మీదికే వస్తాయి. ఫెయిలవుతున్న టెస్ట్‌ని కామెంట్ చేసి రిలీజ్ ఇచ్చేయడం లాంటిదే ఇదీ. ఆఫీసులో అలా చేస్తే సర్వర్ పడిపోతుంది. ఇక్కడైతే మనిషి.

వైర్ ముక్క వద్దన్నా. మోటర్ స్విచ్ ఆపించి ఎర్త్ గొయ్యి కోసం వెతికాం. జనరేటర్ వెనక, టైల్స్ కింద దొరికింది. ఇనుప పట్టీ తుప్పు పట్టి తెగిపోయి ఉంది. చుట్టూ మట్టి పొడిపొడి. మన హైదరాబాద్ గ్రానైట్ రాయి మీద కూర్చున్న ఊరు. ఎండిన రాయిలోకి కరెంటు అంత తేలిగ్గా దిగదు, తేమ ఉండాలి. మా పక్కనే హబ్సిగూడలో 1961లో పెట్టిన ఎన్‌జీఆర్‌ఐ ఉంది. భూగర్భ జలాల్ని వెతకడానికి అక్కడి శాస్త్రవేత్తలు వాడే పద్ధతుల్లో ఒకటి ఇదే సూత్రం మీద నడుస్తుంది. నేలలోకి కరెంటు పంపి, అది ఎంత తేలిగ్గా పోతోందో కొలుస్తారు. ఎర్త్ గొయ్యిలో బొగ్గు, ఉప్పు వేసి నీళ్లు పోయమనేదీ అందుకే.

అసోసియేషన్ మీటింగ్‌లో మొదటి ప్రశ్న ఊహించిందే: “నీ కారుకి మేమెందుకు కట్టాలి బాబూ?” నేను కారు సంగతి ఎత్తలేదు. మోటర్ సంగతి చెప్పా. వాచ్‌మన్ కూతురి సంగతి చెప్పా. ఆ తర్వాత ఎవరూ ఏమీ అడగలేదు. రెండున్నర మీటర్ల పైపుతో కొత్త గొయ్యి తీయించాం, మోటర్ బాగు చేయించాం, 30 మిల్లీ ఆంప్స్ లీకైతే కరెంటు ఆపేసే ఆర్‌సీసీబీ పెట్టించాం. ఇప్పుడు మీటర్‌లో 2 వోల్టులు. ఛార్జర్ పచ్చగా వెలుగుతోంది.

ఒక మాట మాత్రం ఇంకా గుచ్చుతోంది. వాచ్‌మన్ నెల రోజులుగా భయపడుతూ బతికాడు. మేం కదిలింది నా కారు ఒక్క రాత్రి అలిగాకే.

ఈవీ ఉన్నా లేకపోయినా, ఈ ఆదివారం మీ అపార్ట్‌మెంట్‌లో ఒక ప్రశ్న అడగండి: మన ఎర్త్ గొయ్యి ఎక్కడుంది, అందులో నీళ్లు పోసి ఎన్నాళ్లైంది? మల్టీమీటర్ పని ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. ఆయన వైర్ ముక్క తీస్తే మాత్రం, “వద్దన్నా” అనండి.