కడుపు కోయించుకుంటే మోటివేషన్ వస్తుందా?

పోయిన నెల మా బావమరిది ఫోన్ చేశాడు. కాసేపు క్రికెట్టూ, కాసేపు ఆఫీసు రాజకీయాలూ అయ్యాక మెల్లగా అసలు విషయానికొచ్చాడు. "బావా, నిజం చెప్పు. ఆ ఆపరేషన్ చేయించుకుంటే మోటివేషన్ వస్తుందా?"

అతనికి ముప్ఫై నాలుగేళ్ళు. గచ్చిబౌలిలో ఉద్యోగం, 112 కిలోల బరువు, మూడేళ్ళుగా షుగరు. జిమ్ముకి ఏడాది ఫీజు ఒకేసారి కట్టి పదకొండు రోజులు వెళ్ళిన చరిత్ర కూడా ఉంది. (మనలో ఆ చరిత్ర లేనిదెవరికి లెండి!)

నన్నే ఎందుకడిగాడంటే, నేను 2018 అక్టోబరులో బేరియాట్రిక్ సర్జరీ చేయించుకున్నాను. ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలీదు. ఆఫీసులో గాల్‌బ్లాడర్‌లో రాళ్ళు అని చెప్పి సెలవు పెట్టాను. తరవాత బరువు తగ్గడం చూసి అడిగినవాళ్ళకల్లా "వాకింగు, రాత్రిపూట రాగిజావ" అని చెప్పాను. ఆ రాగిజావ ఎలా చెయ్యాలో అడిగి మరీ కాగితమ్మీద రాసుకున్న మా పిన్నికి ఇక్కణ్ణుంచే క్షమాపణలు.

"ఆదివారం ఇంటికి రా, కూచుని మాట్లాడదాం" అన్నాను గానీ, ఆ ప్రశ్న నన్ను వారం రోజులు వదల్లేదు. ఆలోచించినకొద్దీ ప్రశ్నలోనే తిరకాసు ఉందనిపించింది. అదేంటో చెప్పాలంటే నా కథ కొంచెం చెప్పాలి. ముందే ఒకమాట, నేను డాక్టర్ని కాను, కోడు రాసుకునేవాణ్ణి. అనుభవించినదీ, చదివినదీ రాస్తున్నాను, అంతే.

2018లో నా బరువు 126 కిలోలు, ఎత్తు 172 సెంటీమీటర్లు. అంటే బీఎంఐ 42 పైమాటే. విమానంలో సీటు బెల్టు సరిపోక, ఎక్స్‌టెన్షన్ ఇమ్మని ఎయిర్ హోస్టెస్‌ని పక్కవాడికి వినపడకుండా అడగడం ఎలాగో నాకు బాగా వచ్చు. అదంతా ఒక ఎత్తు, ఆ ఏడాది అప్రైజల్ ఒక ఎత్తు. మా మేనేజరు రాసిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "పనిమంతుడే కానీ మోటివేషన్ లేదు." మీటింగుల్లో కునికిపాట్లు పడుతున్నానట. మధ్యాహ్నం మూడు తరవాత నేను పంపే కోడ్‌లో తప్పులట. కొత్త పని ఏదిచ్చినా ఉత్సాహం చూపించనట. అన్నీ నిజమే! నేను కూడా నమ్మేశాను, నాకు బద్ధకం, నేనింతే అని.

ఆపరేషన్‌కి ముందు చేసే పరీక్షల్లో నిద్ర పరీక్ష కూడా ఉంది. ఒక రాత్రి ఒంటినిండా వైర్లు పెట్టుకుని పడుకుంటే తేలిందేమిటంటే, నాకు తీవ్రమైన స్లీప్ ఆప్నియా. గొంతులో దారి మూసుకుపోయి ఊపిరి ఆగడం, మెదడు ఉలిక్కిపడి లేపడం, మళ్ళీ నిద్ర, మళ్ళీ ఆగడం, తెల్లవార్లూ ఇదే పని. మత్తు ఇవ్వడానికి ముందు కొన్నాళ్ళు ఇది వాడాల్సిందే అని సీప్యాప్ మెషీన్ ఇచ్చారు. ముక్కుకి తొడుక్కుని పడుకుంటే గాలి ఒత్తిడితో గొంతు మూసుకుపోకుండా ఉంచే యంత్రం అన్నమాట. మూడు వారాలు వాడాను. ఇంకా ఒక్క కిలో కూడా తగ్గలేదు, కడుపు ముట్టుకోలేదు, అయినా సాయంత్రం ఆరింటికి మెలకువగా ఉన్నాను! మా అమ్మాయి బోర్డ్ గేమ్ తీసుకొస్తే ఆడాను. అది మూడుసార్లు "నాన్నా, నీకు నిద్ర రావట్లేదా?" అని అడిగింది.

అప్పుడు వెలిగింది బుర్రలో. అప్రైజల్‌లో "మోటివేషన్ లేదు" అని రాసింది నా గుణం గురించి కాదు, నా గొంతు గురించి.

ఆకలి సంగతీ అంతే. మా అమ్మ ఆపరేషన్ మాట వినగానే "నోరు కట్టుకుంటే సరిపోయేదానికి కడుపు కోయించుకోవడమేంట్రా" అంది. అమ్మనేం అనలేం, లోకమంతా అదే అంటుంది. కానీ నేను నోరు కట్టుకోలేదా? నాలుగుసార్లు పదేసి కిలోల చొప్పున తగ్గాను, నాలుగుసార్లూ పన్నెండేసి పెరిగాను. అమెరికాలో 1944-45లో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి ఆరు నెలల పాటు సగం తిండి పెట్టి ఏమవుతుందో చూశాడు. వాళ్ళు స్థూలకాయులు కాదు, బద్ధకస్తులు అంతకన్నా కాదు. అయినా నీరసించిపోయారు, దేనిమీదా ఆసక్తి లేదు, పగలూ రాత్రీ తిండి ధ్యాసే. కూచుని వంటల పుస్తకాలు చదివారట! ఆకలి తిరగబడితే ఎంత గట్టివాడి సంకల్పమైనా ఇంతే.

స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో మూడొంతులకి పైగా కోసి తీసేస్తారు. సంచీ కాస్తా గొట్టమవుతుంది. "చోటు తగ్గింది కాబట్టి తక్కువ తింటారు" అని అందరూ అనుకుంటారు గానీ అది సగం కథే. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను (1999లో జపాన్ శాస్త్రవేత్తలు కనిపెట్టారు) ఎక్కువగా తయారయ్యేది ఆ కోసేసిన భాగంలోనే. పైగా తిన్నది తొందరగా పేగుల్లోకి దిగడంతో "చాలు" అని మెదడుకి చెప్పే జీఎల్‌పీ-1 పెరుగుతుంది. మన భాషలో చెప్పాలంటే, రోజంతా సీపీయూని తినేస్తున్న ప్రాసెస్ ఒకటి ఆగిపోతుంది. మీటింగులో కూచుని కింద క్యాంటీన్లో సమోసాలు వచ్చుంటాయా అని ఆలోచించకుండా ఉండటం ఎలా ఉంటుందో నాకు ముప్ఫై ఎనిమిదేళ్ళ వయసులో మొదటిసారి తెలిసింది.

మరి జీవితం బాగుపడిందా? పడింది, దీన్లో మొహమాటం లేదు. పద్నాలుగు నెలల్లో 84 కిలోలకి వచ్చాను. సీప్యాప్ అటకెక్కింది. మోకాళ్ళ నొప్పి పోయింది. వంగి షూ లేసు కట్టుకోవడం అనే మహాభాగ్యం దక్కింది. ఇది నా ఒక్కడి అదృష్టం కూడా కాదు. స్వీడన్‌లో 1987లో మొదలుపెట్టి నాలుగు వేలమందికి పైగా జనాన్ని ఏళ్ళ తరబడి గమనించారు, సగంమంది ఆపరేషన్ అయినవాళ్ళు, సగంమంది కానివాళ్ళు. 2020లో వచ్చిన లెక్కల ప్రకారం ఆపరేషన్ అయినవాళ్ళు సగటున మూడేళ్ళు ఎక్కువ బతికారు (మామూలు జనాభాతో పోలిస్తే మాత్రం ఇంకా ఐదున్నరేళ్ళు తక్కువే). షుగరు సంగతికొస్తే, అమెరికాలో స్టాంపీడ్ అని 150 మందితో చేసిన పరీక్ష ఉంది. ఐదేళ్ళ తరవాత హెచ్‌బీఏ1సీ 6 లేదా ఆ లోపు ఉన్నవాళ్ళు మందులొక్కటే వాడినవాళ్ళలో 5 శాతం, స్లీవ్ చేయించుకున్నవాళ్ళలో 23 శాతం, బైపాస్ చేయించుకున్నవాళ్ళలో 29 శాతం. చాలా పెద్ద తేడా. కానీ గమనించండి, నూటికి డెబ్భైమందికి పైగా ఆ గీత దాటలేదు. ఇది మంత్రదండం కాదు.

ఇక రెండో ఏడాది గురించి. దీని గురించి ఎవరూ రాయరు.

మొదటి ఏడాది పండగే. ప్రతివారం తూకం తగ్గుతుంది, కొత్త బట్టలు, కనబడినవాళ్ళందరి పొగడ్తలు. తరవాత తూకం ఆగుతుంది. పొగడ్తలూ ఆగుతాయి, ఎందుకంటే జనానికి సన్నటి మీరు అలవాటైపోతారు. అదే మేనేజరు, అవే రిలీజు రాత్రులు, అదే హోమ్ లోను. ఇదివరకు రాత్రి పన్నెండుకి ప్రొడక్షన్‌లో ఏదో పగిలితే బిర్యానీ తెప్పించుకుని తినేవాణ్ణి. ఇప్పుడు కడుపు ఒప్పుకోదు, కానీ ఆ పన్నెండు గంటల దిగులు మాత్రం అలాగే ఉంది. నేను దాన్ని మందులో కలిపాను. ఆపరేషన్ తరవాత రెండు పెగ్గులు నాలుగు పెగ్గుల్లా ఎక్కుతాయి. 2012లో అమెరికాలో వచ్చిన ఒక పెద్ద పరిశోధనలో, ఆపరేషన్ అయిన రెండో ఏడాదిలో మద్యం సమస్య ముందుకన్నా పెరిగిందని తేలింది. నాకది తర్వాతెప్పుడో తెలిసింది. మా ఆవిడకి మాత్రం ముందే తెలిసింది, ఖాళీ సీసా చూసి. కౌన్సెలింగుకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది కూడా తనే. అదే టైములో విటమిన్ బిళ్ళలు మానేస్తే బీ12 పడిపోయి అరికాళ్ళు తిమ్మిర్లెక్కాయి. ఇందులో ఆపరేషన్ తప్పు లేదు. బిళ్ళలు జన్మంతా వేసుకోవాలని డిశ్చార్జి రోజునే చెప్పారు, నేనే వినలేదు.

స్వీడన్ వాళ్ళ పదేళ్ళ లెక్కల్లో కూడా ఇదే కనబడుతుంది. జీవితం ఎంత బాగుంది అన్న మార్కులు మొదటి ఏడాదికి శిఖరానికి వెళ్ళి, తరవాత కొన్నేళ్ళు మెల్లగా దిగి, ఒకచోట నిలబడ్డాయి. నిలబడ్డచోటు మొదలుకన్నా పైనే. కానీ మొత్తమ్మీద మనసు తేలికపడటం, ఆందోళన తగ్గడం విషయంలో ఆపరేషన్ అయినవాళ్ళకీ కానివాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. వ్యాయామం సంగతి ఇంకా తమాషా. ఆపరేషన్ తరవాత తెగ నడుస్తున్నామని చెప్పినవాళ్ళకి నడక కొలిచే పరికరాలు కట్టి చూస్తే, చెప్పినంత పెరుగుదల వాటిలో లేదు! నేనూ ఆ బాపతే. ఇవాళ నా బరువు 93. మళ్ళీ తొమ్మిది కిలోలు వచ్చాయి.

కాబట్టి నాకర్థమైంది ఇదీ. ఆపరేషన్ మోటివేషన్ ఇవ్వదు. ఉన్న మోటివేషన్‌కి అడ్డం పడ్డ బండరాయిని తీస్తుంది. ఆ రాయి నిద్రో, ఆకలో, మోకాలో అయితే తేడా ఆకాశమంత కనబడుతుంది. అది ఒంటరితనమో, చేస్తున్న పనంటే విసుగో అయితే అది అక్కడే ఉంటుంది, ఇదివరకు తిండి దాన్ని కప్పి ఉంచేది, ఇప్పుడు కప్పడానికి అదీ ఉండదు.

ఇన్నేళ్ళు దాచినవాణ్ణి ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పాత ఆఫీసులో నాతో పనిచేసిన ఒకాయన ఉన్నాడు, అప్పటి నా అంత లావు. నన్ను చూసి, నేను చెప్పిన వాకింగూ రాగిజావా ఎనిమిది నెలలు నిష్ఠగా చేశాడు. నాలుగు కిలోలు తగ్గి, మోకాలు వాచి మంచమెక్కాడు. చూడ్డానికి వెళ్తే "నీకున్నంత విల్ పవర్ నాకు లేదు గురూ" అన్నాడు. నేను టీ తాగి వచ్చేశాను. నా కడుపు మీదున్న ఐదు చిన్న మచ్చల గురించి చెప్పలేదు. నన్ను ఇన్నేళ్ళు పొడిచిన ముల్లుని తీసుకెళ్ళి అతనికి గుచ్చి వచ్చాను. నా జీవితంలో సిగ్గుపడే పనుల్లో అదొకటి. ఈమధ్యే ఫోన్ చేసి చెప్పేశాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తరవాత "ముందే చెప్పుండాల్సింది" అన్నాడు. అవును, చెప్పుండాల్సింది.

మనవాళ్ళలో ఇది ఒకరిద్దరి సమస్యా కాదు. హైదరాబాదులో 345 మంది ఐటీ ఉద్యోగులని పరీక్షించి 2025లో ప్రచురించిన అధ్యయనంలో 84 శాతం మందికి ఫ్యాటీ లివర్, 71 శాతం మందికి స్థూలకాయం ఉన్నాయి. ఇంతమందికీ ఒకేసారి బద్ధకం పట్టుకుందంటారా?

ఆదివారం మా బావమరిది వచ్చాడు. వాళ్ళక్క ఎదురుగా కూచుని "వద్దు, రెండో ఏడాది నేను చూశాను, చాలు" అంది. తనన్నదాంట్లో న్యాయముంది. నేను చెప్పింది ఇది. ముందు నిద్ర పరీక్ష చేయించుకో. షుగరు డాక్టర్ని కలువు. మౌంజారో, వెగోవీ లాంటి ఇంజెక్షన్లు 2025 నుంచి మన దేశంలోనూ ఉన్నాయి, ఆపేస్తే బరువు చాలావరకు తిరిగొస్తుంది కానీ కొందరికి అవే దారి కావచ్చు. 2022లో మారిన అంతర్జాతీయ మార్గదర్శకాల ప్రకారం బీఎంఐ 35 దాటితే ఆపరేషన్ సిఫార్సు చెయ్యొచ్చు, మన ఆసియా వాళ్ళకి ఆ హద్దు ఇంకా తక్కువ. ఇన్సూరెన్సు మాత్రం పాత లెక్కే చూస్తుంది, 40, లేదా 35తో పాటు అదుపులో లేని షుగరు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా లాంటివి ఉండాలి. పాలసీ కాగితాలు చదువుకో. అన్నీ చూసి డాక్టర్లు ఆపరేషనే అంటే, సిగ్గుపడకుండా చేయించుకో, మీ అక్కని నేను ఒప్పిస్తా. కానీ మోటివేషన్ వస్తుందా అని అడక్కు. రెండో ఏడాది రాత్రి పన్నెండుకి ఫోన్ చెయ్యడానికి నీకెవరున్నారో చూసుకుని వెళ్ళు.

"నువ్వున్నావుగా బావా" అన్నాడు. మా ఆవిడ ఏమీ అనకుండా లేచెళ్ళి మాకు చెరో ఉడకబెట్టిన గుడ్డు పెట్టింది. వచ్చే వారం నిద్ర పరీక్ష.

నా అభిప్రాయం ఇదీ. మీలో ఎవరైనా నాలాగే "గాల్‌బ్లాడర్" అని చెప్పి తిరుగుతుంటే, కనీసం ఒక్కరికైనా నిజం చెప్పండి. ఆ ఒక్కరు తనని తాను తిట్టుకోవడం ఆపొచ్చు.