వెయ్యి పదాలు వచ్చు... ‘దేనికోసం’ చెప్పగలరా?

గండికోట ధాన్యాగారం ముందు ఓ మెక్సికో జంట నన్ను ఆపి అడిగారు: ‘పారా కే ఎరా ఎస్తో?’ ఇది దేనికోసం కట్టారు అని. అప్పటికి నాలుగు నెలలుగా ఫోన్ యాప్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నా. పండ్లు, రంగులు, జంతువుల పేర్లన్నీ నోటికొచ్చు. ‘ధాన్యం దాచడానికి’ అన్న చిన్న మాట మాత్రం రాలేదు. ‘గ్రానో... కాసా...’ అంటూ చేతులు తిప్పా. ఆయనే నవ్వి, ‘ఆ, పారా గ్వార్దార్ గ్రానో!’ అని పూర్తి చేశారు.

జమ్మలమడుగు బస్సులో తిరిగొస్తుంటే అర్థమైంది. రోజంతా మనం మాట్లాడేది ఇదే కదా! బట్టలు కొనడానికి ప్రొద్దుటూరు పోతున్నా, పరీక్ష రాయడానికి కడప వచ్చా, ఒక మాట అడగడానికి ఫోన్ చేశా. పనికి ప్రయోజనం జోడించలేకపోతే ఎన్ని పదాలు తెలిసినా అది సంభాషణ కాదు, జాబితా.

నిజానికి తెలుగువాళ్లకి ఇది సులువు. మన ‘-డానికి’ క్రియ చివర వస్తుంది, వాళ్ల ‘పారా’ క్రియ ముందు వస్తుంది. ‘త్రబహార్’ అంటే పని చేయడం, ‘పారా త్రబహార్’ అంటే పని చేయడానికి. పని ఒకరిది, ప్రయోజనం ఇంకొకరిదైతే మనం ‘నీకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెబుతా’ అంటాం. వాళ్లూ అక్కడ రూపం మారుస్తారు: ‘అబ్లో దెస్పాసియో పారా కే ఎంతియెందాస్’. మామూలుగా ‘ఎంతియెందేస్’ అనేది ‘ఎంతియెందాస్’ అయింది, అంతే. రావడం, పోవడం లాంటి క్రియల తర్వాత చిన్న ‘ఆ’ చాలు. ‘బెంగో ఆ బేర్ లా ఫోర్తలేసా’ అంటే కోట చూడ్డానికి వచ్చా.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. స్పానిష్ కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి ఒక ఇంటర్వ్యూ. ఈ ఉద్యోగం మీకు ‘పారా కే?’ అన్నారు. నేను ‘పోర్ కే?’ అని విన్నా. మనం రెండింటికీ ‘ఎందుకు’ అనేస్తాం. స్పానిష్‌లో ‘పోర్ కే’ కారణం అడుగుతుంది, ‘పారా కే’ ప్రయోజనం అడుగుతుంది. బీటెక్ అయిపోయింది, ఖాళీగా ఉన్నా, ఇంట్లో ఒత్తిడి... ఇలా కారణాలు ఏకరువు పెట్టా. సెలెక్ట్ కాలేదు. తప్పు వాళ్లది కాదు. ఇంగ్లిష్ ఇంటర్వ్యూల్లోనూ మనలో చాలామంది చేసే పొరపాటు ఇదే: వెనక ఉన్న అవసరం చెబుతాం, ముందున్న లక్ష్యం చెప్పం.

‘స్పానిష్ నేర్చుకుంటే ప్యాకేజీ గ్యారంటీ’ అనే ప్రకటనలు నమ్మి డబ్బు కట్టకండి. ఇది 20 దేశాల్లో అధికార భాష, అవకాశాలు ఉన్నాయి. కానీ భాష ఒక్కటే చాలదు. కోడింగో, అకౌంట్సో తోడుండాలి. హైదరాబాద్ ఇఫ్లూలో స్పానిష్ కోర్సులున్నాయి. ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వ సంస్థ ఇన్‌స్తితుతో సెర్వాంతెస్ ఉంది. డెలే పరీక్షకి ఏ1 నుంచి సీ2 దాకా ఆరు స్థాయిలు, ఆ సర్టిఫికెట్‌కి గడువు లేదు. ఏ1 దగ్గరే ఆగిపోతే మాత్రం రెజ్యూమెలో ఒక లైను పెరుగుతుంది, అంతే.

ఈ రాత్రి నోట్‌బుక్‌లో ఒక వాక్యం రాయండి: ‘ఎస్తుదియో ఎస్పాన్యోల్ పారా...’ అంటే, నేను స్పానిష్ చదువుతున్నది ఫలానా దానికోసం అని. ఆ ఖాళీ నిండాకే ఫీజు కట్టండి.