కుర్చీలు వేసే తల్లికి కుర్చీ ఏది?

మా బడిలో ఐదో తరగతి చదివే ఒక పిల్లగాని తల్లి పట్నం అంచున ఉన్న ఒక ఇంటర్నేషనల్ స్కూల్లో ఆయాగా పనిచేస్తున్నది. పొద్దు పొడవక ముందే కంట్రాక్టరు వ్యాను ఎక్కితే చీకటి పడ్డాక ఇల్లు చేరుతుంది. నాలుగు నెలల కింద మా బడి యాజమాన్య కమిటీ మీటింగు పెట్టినం. ఆమె కమిటీ మెంబరు. కబురు పంపితే రాలేదు. మళ్ళీ పంపితే మళ్ళీ రాలేదు. స్టాఫ్ రూములో ఒక సారు అననే అన్నాడు: "వీళ్ళకు పిల్లల చదువు మీద శ్రద్ధ ఎక్కడిది? కల్లు మీద ఉన్న శ్రద్ధ బడి మీద ఉంటే ఎప్పుడో బాగుపడేవాళ్ళు."

ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకున్నది. రాత్రి వాడకు పోయి నేనే అడిగిన.

"ఏమక్కా, రమ్మంటే రాకపోతివి?"

"ఎట్లొస్త సారూ? ఆ దినమే మా ఇస్కూల్ల తల్లిదండ్రుల దినం. నాలుగు వందల కుర్చీలెయ్యాలె. ఒక్కొక్క పిల్లకు తల్లి, తండ్రి, అమ్మమ్మ, తాత, అందరొస్తరు. లీవడిగితే సూపర్‌వైజరు 'ఇయ్యాల పోతె రేపు రాకు' అన్నడు."

అన్నలారా, అక్కలారా, ఈ ముచ్చట దగ్గర ఒక్కసారి ఆగండి. వేరేవాళ్ళ పిల్లల తల్లిదండ్రుల కోసం నాలుగు వందల కుర్చీలు వేసిన తల్లి, తన కొడుకు బడిలో చట్టం తనకిచ్చిన ఒక్క కుర్చీలో కూర్చోలేకపోయింది. ఆమెకు శ్రద్ధ లేదని మా సారు తీర్పు చెప్పాడు. ఆమె వేసిన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకు మాత్రం శ్రద్ధ ఉన్నదని లోకం మెచ్చుకుంటున్నది.

శ్రద్ధ పుట్టుకతో వచ్చే గుణమా? కాదు. కూలి కోత పడని తీరిక ఉండాలె. గేటు దగ్గర నన్నెవరూ ఆపరనే ధీమా ఉండాలె. ఈ రెండూ ఎవరి దగ్గర ఉన్నాయో లెక్క తీయండి. ఈ దేశంలో కులం ఎక్కడ దాక్కున్నదో అక్కడ దొరుకుతుంది.

ఆ బడి ఎవరిది?

ఇంటర్నేషనల్ స్కూలు అనేది ఆకాశం నుంచి ఊడిపడలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత జెనీవాలో నానాజాతి సమితి, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఆఫీసులు వెలిశాయి. దేశదేశాల నుంచి వచ్చిన ఆ ఉద్యోగుల పిల్లల కోసం 1924లో అక్కడ ఒక ఇంటర్నేషనల్ స్కూలు తెరిచారు. అదే జెనీవాలో 1968లో ఇంటర్నేషనల్ బాకలారియెట్, మనవాళ్ళు ఐబి అంటున్నారే, ఆ సంస్థ పుట్టింది. మన దగ్గర 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగల మీద పరిశోధన. దాని శాస్త్రవేత్తల పిల్లల కోసం హైదరాబాదులో ఇంటర్నేషనల్ స్కూలు పెట్టారు. ఊరు ఊరు, దేశం దేశం మారే ఉద్యోగుల పిల్లలకు ఎక్కడికి పోయినా పనికొచ్చే చదువు కావాలె. దాన్ని మనం తప్పు పట్టం.

కానీ ఇవ్వాళ పట్నం చుట్టూ లేచిన ఇంటర్నేషనల్ స్కూళ్ళలో చదువుతున్నది ఎవరు? మొదట అవి విదేశీ ఉద్యోగుల పిల్లలకోసం. ఇప్పుడు రియల్ ఎస్టేటు వాళ్ళ పిల్లలు, సినిమా వాళ్ళ పిల్లలు, పెద్ద కంపెనీల మేనేజర్ల పిల్లలు, పదవుల్లో ఉన్నవాళ్ళ మనవలు, మనవరాళ్ళు. ఫీజు ఏడాదికి లక్షల్లో. ఆ ఆవరణలు ఒకప్పుడు పొలాలు. ఆ పొలాల్లో కలుపు తీసిన తల్లులే ఇప్పుడు ఆ బడి ఊడుస్తున్నారు. ఊళ్ళో దొరగారి గడీకి గోడ ఉండేది. పట్నంలో దానికి ఇంగ్లీషు పేరు పెట్టారు, అంతే తేడా.

లోపల ఏం జరుగుతుందో అక్క చెప్పింది. చిన్న తరగతుల్లో తల్లి వచ్చి కథ చదువుతుంది. తండ్రి వచ్చి తన ఉద్యోగం గురించి చెబుతాడు. తల్లిదండ్రుల కమిటీ క్యాంటీను తిండి రుచి చూస్తుంది, బాగా లేకపోతే మర్నాటికి మారుతుంది. ఏడాదికొకసారి దేశదేశాల పండుగ చేసి, ఒక్కో దేశం తిండికి ఒక్కో బల్ల వేస్తారు. అన్ని దేశాల కూరలకూ అక్కడ బల్ల ఉన్నది. మన వాడ కూరకు? 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా యూనివర్సిటీలో మన పిల్లలు మా తిండి మేం తింటామని వండుకుంటే దాడులు జరిగాయి. ప్రపంచమంతా పట్టే ఆ బల్లల మీద పక్క వాడకు చోటు లేదు.

ఐబి పెద్ద తరగతుల్లో సేవ కూడా తప్పనిసరి. చదువుతో పాటు సృజన, ఆటపాటలు, సేవ చేసినట్టు చూపిస్తేనే డిప్లొమా చేతికొస్తుంది. అట్లాంటి బడి పిల్లలు రెండేళ్ళ కింద మా పక్క ఊరికి బస్సులో వచ్చారు. బడి గోడకు రంగులు వేశారు, నోటుబుక్కులు పంచారు, ఫోటోలు దిగారు. పిల్లలు మంచివాళ్ళే. మన పిల్లలతో కలిసి ఆడారు. వాళ్ళను తిట్టడం కోసం ఇది రాయడం లేదు. నా ప్రశ్న ఒక్కటే. వాళ్ళ పిల్లలు మన బడి గోడకు రంగు వేస్తే సేవ. మన పిల్లలు పోయి వాళ్ళ బడి గోడకు రంగు వేస్తే కూలి. పని ఒక్కటే అయినప్పుడు రెండు పేర్లు ఎందుకొచ్చినయి?

ఇక మన గేటు దగ్గర

మా నాయిన నన్ను బడిలో వేయడానికి వచ్చిన రోజు నాకింకా గుర్తున్నది. చెప్పులు చేతిలో పట్టుకొని గడప బయట నిలబడ్డాడు. పెద్దసారు ఆయన్ని నా వయసు కూడా అడగలేదు. జూలై 1 అని రాసుకున్నాడు. నా తరగతిలో సగంమంది పుట్టింది జూలై 1 నే. నాకు పుట్టినరోజు ఇచ్చింది కన్నతండ్రి కాదు, రిజిస్టరు. మన కుటుంబాలకు బడితో ఉన్న సంబంధం అట్లా మొదలైంది.

ఇవ్వాళ గడప లోపలికి రానిస్తున్నారు. ఎందుకు? పుస్తకాల లెక్క కోసం, ఆధార్ కార్డు కోసం, పిల్లవాడు కొట్లాడితే తిట్టడం కోసం. గురుకులాల్లో చూడండి. నెలకొక్కనాడు తల్లులు టిఫిను డబ్బాలు కట్టుకొని, బస్సు చార్జీలు అప్పు చేసి వస్తారు. చెట్ల కింద కూర్చొని పిల్లలకు తినిపించి పోతారు. వంటశాల ఎట్లున్నదో చూపించమని అడిగితే మొఖం మీద తలుపు వేస్తారు. 2024లో తెలంగాణ గురుకులాల్లో, సర్కారు బడుల్లో తిండి వికటించి పిల్లలు ఆస్పత్రుల పాలైన వార్తలు వరుసగా వచ్చాయి. ఇంటర్నేషనల్ స్కూలు తల్లిలా మన తల్లి కూడా ముందు రోజు ఆ గంజులోకి తొంగి చూసి ఉంటే?

మన తల్లులు గంజు దగ్గరికి రావడం కొందరికి ఇష్టం ఉండదు. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు మధ్యాహ్న భోజనం వంటవాళ్ళుగా దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పవలసి వచ్చింది. ఎందుకు చెప్పవలసి వచ్చిందో ఊళ్ళో పుట్టినవాళ్ళకు విడమరచి చెప్పనక్కర లేదు. తల్లిదండ్రులు బడిలో పాలుపంచుకోవాలని ఉపన్యాసం చెప్పే పెద్దమనుషులే మాదిగ తల్లి చేతి అన్నం తన పిల్ల తినదని టిఫిను కట్టి పంపుతారు.

చదువురాని తల్లిదండ్రులు పట్టించుకోరనేది స్టాఫ్ రూముల్లో పుట్టిన అబద్ధం. అంబేద్కర్ తండ్రి రాంజీ బొంబాయిలో ఒక్క గదిలో కాపురం ఉండి, పెళ్ళయిన కూతుళ్ళ నగలు అడిగి తాకట్టు పెట్టి కొడుక్కు పుస్తకాలు కొన్నాడు. రాంజీ సైన్యంలో బడి నడిపిన చదువరి కదా అంటారా? అయితే నిజామాబాద్ జిల్లా పాకాల చూడండి. మాలావత్ పూర్ణ తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. పదమూడేళ్ళ కూతురిని కొండ ఎక్కడానికి పంపే గుండె వాళ్ళకున్నది. 2014 మే 25న ఆ పిల్ల, ఖమ్మం జిల్లా నుంచి వచ్చిన ఆనంద్‌కుమార్ ఇద్దరూ ఎవరెస్టు ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులం పిల్లలే. 2016 జనవరి 17న రోహిత్ వేములను పోగొట్టుకున్న తల్లి రాధిక యూనివర్సిటీ గేటు ముందు నిలబడి దేశాన్ని నిలదీసింది. కుట్టుమిషను మీద పిల్లల్ని సాకిన తల్లి ఆమె. శ్రద్ధ గురించి మనకు పాఠాలు ఎవరు చెప్పాలె?

చట్టం ఏమంటున్నది

విద్యాహక్కు చట్టం 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలుకు వచ్చింది. దాని 21వ సెక్షన్ ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలె. అందులో నాలుగింట మూడు వంతులు పిల్లల తల్లిదండ్రులే ఉండాలె. సగం మంది ఆడవాళ్ళు ఉండాలె. బడుగు వర్గాల తల్లిదండ్రులకు వాళ్ళ దామాషా ప్రకారం చోటు ఉండాలె. బడి ఎట్లా నడుస్తుందో చూడడం, వచ్చిన పైసలు ఎట్లా ఖర్చవుతున్నాయో చూడడం, బడికి ఏం కావాలో ప్రణాళిక రాయడం ఆ కమిటీ పని. సర్కారు సాయం తీసుకోని ప్రైవేటు బడులకు ఈ సెక్షన్ వర్తించదు. వాళ్ళకు అక్కర కూడా లేదు. ఫీజు రశీదే వాళ్ళ చట్టం. మన చేతిలో ఉన్నది ఈ ఒక్క కాగితమే.

అదే చట్టం 12వ సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ఒకటో తరగతిలో నాలుగో వంతు సీట్లు చుట్టుపక్కల పేద, బడుగు వర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలె. 2012లో సుప్రీంకోర్టు అది సరైనదే అన్నది. అయినా చట్టం వచ్చిన పదేళ్ళ దాకా మన దగ్గర ఆ సీట్ల ఊసే లేదు. ఆ సీట్ల కోసం కొట్లాడాల్సిందే. కానీ ఒక్కటి మరువకండి. ఆయా కొడుక్కు ఆ బడిలో సీటు వచ్చిందే అనుకోండి. తల్లిదండ్రుల దినం నాడు ఆమె కుర్చీ వేయాలా, కూర్చోవాలా? సీటు ఒక్కటే చాలదు, కుర్చీ కూడా కావాలె.

పాలకులు మాత్రం పేర్లు మారుస్తున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జనవరి 31న సర్కారు బడుల్లోకి ఐబి తెస్తామని ఒప్పందం చేసుకున్నారు. ఆ ఏడే ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరు 7న రాష్ట్రమంతా మెగా పేరెంట్ టీచర్ మీటింగు అని ముగ్గులు వేసి పండుగ చేశారు. తెలంగాణలో 2024లోనే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలని మహిళా సంఘాలకు మరమ్మతు పనులు అప్పజెప్పారు. మంచిదే. కానీ అమ్మలకు సున్నం, సిమెంటు లెక్క అప్పజెప్పి, నా బిడ్డకు చదువు ఎందుకు రాలేదని అడిగే అధికారం ఇవ్వకపోతే అది మరో కూలి పనే.

నా తప్పు కూడా రాస్తున్న

ఇతరులను అనే ముందు నన్ను నేను అనుకోవాలె. మీటింగు జరగకుండానే పిల్లగానికి రిజిస్టరు ఇచ్చి వాడకు పంపి వేలిముద్రలు తెప్పించినవాళ్ళలో నేనూ ఉన్న. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. నా బిడ్డను మాత్రం ప్రైవేటు బడిలో చదివించిన. ఆ బడిలో మీటింగుకు ఇస్త్రీ చొక్కా వేసుకొని పోయి ముందు వరుసలో కూర్చున్న. నా దగ్గరికి వచ్చిన తల్లిని మాత్రం నిలబెట్టి మాట్లాడిన. బయటి బ్రాహ్మణీయాన్ని తిట్టడం సులువు. మన కుర్చీలో కూర్చున్నదాన్ని దింపడం కష్టం.

అక్క మాట విన్నంక ఈసారి కమిటీ మీటింగు రాత్రి ఏడున్నరకు వాడలో, వేపచెట్టు కింద పెట్టినం. ఇరవై రెండు మంది వచ్చారు. ఆమె కూడా వచ్చింది, కొడుకు నోటుబుక్కు పట్టుకొని.

"సారూ, మా ఇస్కూల్ల పిల్లలే వాళ్ళ పుస్తకం తెరిచి తల్లికి సదివి సూపిస్తరు. నేను కుర్చీలు తీసుకుంట సూసిన. మా పిల్లగాన్ని సదువుమన్న. వానికి రాలే. గని పుస్తకం నిండ ఎర్ర టిక్కులే ఉన్నయి. మీరేం సూసి పెట్టిండ్రు?"

ఆ టిక్కులు నావే. నా దగ్గర జవాబు లేదు. అక్షరం రాని ఆ తల్లి అడిగిన ప్రశ్న, పదహారేళ్ళ నా ఉద్యోగంలో ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు.

ఇంటర్నేషనల్ స్కూలు నుంచి మనం తెచ్చుకోవాల్సింది టై కాదు, బూట్లు కాదు. ఆమె కుర్చీలు తీస్తూ పట్టుకొచ్చిన ఆ ప్రశ్నే. కాబట్టి ఊరూరా సంఘాలు ఈ పనులు పట్టుకోవాలని కోరుతున్న:

1. కమిటీ మీటింగు కూలి వేళ కాకుండా రాత్రిపూట, వాడలో జరగాలె. జరగని మీటింగుకు ఎవరూ వేలిముద్ర వేయొద్దు.

2. ప్రతి మీటింగులో పిల్లలు తమ పుస్తకం తెరిచి తల్లిదండ్రుల ముందు చదవాలె. చదవలేకపోతే జవాబు చెప్పాల్సింది సారు, పిల్లగాడు కాదు.

3. బడిలో, హాస్టల్లో, గురుకులంలో వంటశాల తలుపు తల్లులకు తెరిచి ఉండాలె.

4. బడి మీటింగుకు పోయిన రోజు కూలి కోయొద్దని, పనిలోంచి తీసేయొద్దని కంట్రాక్టర్లను నిలదీయాలె. ఇది కార్మిక సంఘాల పని కూడా.

5. 12వ సెక్షన్ సీట్ల కోసం ప్రతి మండలంలో దరఖాస్తులు పెట్టించాలె.

6. మన ఉద్యోగులు, ముఖ్యంగా మన పంతుళ్ళు, నెలకొక్కసారి వాడకు వచ్చి తల్లుల ముందు లెక్క చెప్పాలె. నాతోనే మొదలు పెట్టండి.

అక్కలారా, బడికి పోయినప్పుడు గడప దగ్గర నిలబడకండి. లోపలికి పోండి. కుర్చీ చూపించకపోతే అడగండి. లేదంటే మీరే లాక్కొని కూర్చోండి. మా నాయిన చేతిలో పట్టుకున్న చెప్పులు మీరు కాళ్ళకే ఉంచుకోండి.

జై భీం!