రంగు చూసి మోసపోవద్దు

అక్టోబరు వచ్చిందంటే జపాన్‌లోని నీగాతా కొండ పల్లెలకు కోయి చేపలు కొనేవాళ్ళు దిగిపోతారు. వేసవంతా మట్టి చెరువుల్లో పెంచిన చేపల్ని వలేసి పట్టి అమ్మకానికి పెట్టేది అప్పుడే. నీలం తొట్టెలో ఎరుపు, తెలుపు మెరుస్తుంటే ఎవరికైనా మనసు లాగుతుంది.

అయితే కోయి మన రైతులు పెంచే బంగారుతీగకు సొంత చుట్టమే. 2003లో జపాన్‌లోని కసుమిగౌరా సరస్సులో తిండికోసం పెంచే కార్ప్ చేపల్ని కోయి హెర్పిస్ వైరస్ ఊడ్చేసింది. దానికి మందు లేదు. రోగం వచ్చి బతికిన చేప పైకి బాగానే ఉంటుంది, పక్కదానికి మాత్రం అంటించగలదు.

అందుకే కొనేముందు ఆరోగ్య పత్రం అడగాలి. తెచ్చాక విడిగా ఉంచి, పరీక్ష చేయించాకే మిగతా చేపల్లో కలపాలి. చెన్నై కొళత్తూరు వ్యాపారికైనా, సరదాకి పెంచేవారికైనా ఇదే మాట. క్వారంటైన్ తప్పించుకొచ్చిన ఒక్క అందాల చేప ఎందరో రైతుల నోట్లో మట్టి కొట్టగలదు. అధికారులు కూడా కాగితాలు చూసి సంతకం పెడితే సరిపోదు, చేపను చూడాలి.