తుర్రేబాజ్ ఖాన్‌కు సమాధి ఏది?

పాతబస్తీ చరిత్ర అనగానే మనవాళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి నిజాం నగలు, రెండు రజాకార్ల కత్తులు. ఒకాయన నిజాంను దేవుణ్ని చేస్తాడు. ఇంకొకాయన పాతబస్తీ మొత్తాన్ని ఖాసిం రజ్వీ ఖాతాలో రాస్తాడు. ఏటా సెప్టెంబర్ 17 రాగానే పంచాయితీ మొదలు. విమోచనమా, విలీనమా, విద్రోహమా? 2022లో రాష్ట్ర సర్కారు సమైక్యతా దినం అన్నది, కేంద్రం విమోచన దినం అన్నది. 2024లో కొత్త సర్కారు ప్రజాపాలన దినం అన్నది. ఎవరు ఏ పేరు పెట్టినా అందులో పాతబస్తీ మనిషి మాత్రం కనబడడు.

ఒకసారి మక్కా మసీదుకు పోదాం రండి. 1617లో కుతుబ్‌షాహీలు మొదలుపెడితే 1694లో ఔరంగజేబు ముగించిన కట్టడం. ఆవరణలో ఒక పక్క అసఫ్‌జాహీల సమాధులు వరుసగా ఉంటాయి. ఐదో నిజాం అఫ్జలుద్దౌలా కూడా అక్కడే నిద్రపోతున్నాడు.

అదే మసీదులో 1857 జులై 17న, శుక్రవారం నమాజు ముగిశాక జనం కదిలారు. ఉత్తరాదిన సిపాయిలు తిరగబడ్డ రోజులవి. ఇంగ్లీషోళ్ల తరఫున కొట్లాడబోమని కంటింజెంట్ సైన్యాన్ని వదిలి హైదరాబాద్ వచ్చిన జమేదార్ చీదా ఖాన్‌ను దివాన్ సాలార్‌జంగ్ పట్టి రెసిడెన్సీకి అప్పగించాడు. ఆయనను విడిచిపెట్టాలని అడిగితే కొలువులో వినే నాథుడు లేడు. అప్పుడు తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ ముందు నడిచారు. వెనుక ఐదువందల దాకా రొహిల్లాలు. మూసీ దాటి కోఠిలోని రెసిడెన్సీ మీద పడ్డారు. ఎదురుగా ఉన్న రెండు ఇళ్లలో మకాం పెట్టి కాల్పులు జరిపారు. ఆ ఇళ్లలో ఒకటి అబ్బన్ సాహెబ్‌ది, ఒకటి జైగోపాల్‌దాస్ అనే సాహుకారుది. తెల్లవారే సరికి తెల్లోళ్ల ఫిరంగుల ముందు నిలవలేకపోయారు.

తుర్రేబాజ్ దొరికాడు, అండమాన్ శిక్ష పడింది. ఓడ ఎక్కించక ముందే 1859 జనవరిలో తప్పించుకున్నాడు. తలకు ఐదువేల రూపాయల వెల కట్టారు. తూప్రాన్ దగ్గర కాల్చి చంపి, శవాన్ని తెచ్చి నగరంలో వేలాడదీశారు. చంపింది తెల్లదొర కాదు, నిజాం తాలూక్‌దారే. అల్లావుద్దీన్ అండమాన్‌లోనే కన్నుమూశాడు.

మరి నిజాంకు ఏం దక్కింది? 1860 ఒప్పందంలో రాయచూర్ దోఆబ్, నల్‌దుర్గ్ వాపసు వచ్చాయి. యాభై లక్షల అప్పు మాఫీ అయింది. ఇదీ మన ప్రభువుల బేరం.

ఉస్మాన్‌సాగర్ కట్టించలేదా, ఉస్మానియా దవాఖానా కట్టించలేదా అంటారు. కట్టించారు. ఆ నీళ్లు తాగినవాళ్లమే, కాదనం. కానీ కట్టించినవాడి పేరు ఊరంతా ఉండి, కొట్లాడినవాడి పేరు పాఠంలో కూడా లేకపోతే ఎట్లా? బళ్లో నేను చదివిన 1857 మీరట్‌లో మొదలై ఝాన్సీలో ఆగిపోయింది. హైదరాబాద్ దాకా రాలేదు.

షోయబుల్లా ఖాన్ సంగతీ అంతే. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడ దగ్గర దాడి చేసి, రాసిన చేతినే నరికారు. నరికినవాళ్లూ ముసల్మానులే, బలైనవాడూ ముసల్మానే. మరి పాతబస్తీ పిల్లగాణ్ని చూడంగానే రజాకార్ వారసుడని ఎట్లా అంటారు? షోయబ్ వారసుడు ఎందుకు కాడు?

2011 మార్చి 10న మిలియన్ మార్చ్ నాడు ట్యాంక్‌బండ్ మీద నేనూ ఉన్నాను. ఏ విగ్రహం మనది, ఏది కాదని గొంతులు పగిలేలా అరిచిన రోజు. ఆ వరుసలో అఫ్జలుద్దౌలా కొడుకు, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఉన్నాడు. తండ్రి కొలువు చంపించిన రొహిల్లా లేడు. ఆ రోజు ఆ సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

కోఠి బస్టాండు దగ్గర ఒక స్మారక స్తంభం ఉంది. బస్సు కోసం నిలబడ్డవాళ్లను అదేమిటని అడిగి చూడండి. ఎదురుగా ఉన్న పాత రెసిడెన్సీ ఇప్పుడు మహిళా విశ్వవిద్యాలయం. 2024లో దానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు, సంతోషం. ఆ గేటు దగ్గరే తుర్రేబాజ్ ఖాన్, అల్లావుద్దీన్ పేర్లతో తెలుగులో, ఉర్దూలో ఒక శిలాఫలకం వేయించండి. జులై 17 తేదీ కూడా చెక్కించండి. సర్కారుకు అది పెద్ద ఖర్చేమీ కాదు.