భోజనపు బల్ల దగ్గరి భక్తి



మహారాష్ట్రలోని కొంకణ తీరాన ఒకప్పుడు గానుగ ఆడించి, నూనె అమ్ముకుని బతికిన యూదులు ఉండేవారు. వారే బెనె ఇశ్రాయేలీయులు. శనివారం వారి గానుగ తిరిగేది కాదు. అందుకే ఇరుగుపొరుగువారు వారిని ‘శనివార్ తేలీ’ అనేవారు. ముంబయిలో వారి తొలి సమాజమందిరం వెలిసింది 1796లో. అంతకుముందు ఎన్నో తరాలు వారి విశ్వాసాన్ని కాపాడింది ఇల్లే.

యూదుల మతం అనగానే మన ప్రసంగాల్లో ధర్మశాస్త్రం, పరిసయ్యులు, ఆచారాలు అనే మాటలే వినిపిస్తాయి. అది వారి ఇంట్లో ఎలా ఉంటుందో చెప్పేవారు తక్కువ.

మతనిష్ఠ గల ఇళ్లలో శుక్రవారం పొద్దు గుంకకముందే తల్లి దీపాలు వెలిగిస్తుంది. తల్లిదండ్రులు పిల్లల తలల మీద చేతులుంచి దీవిస్తారు. కొడుకులను ఎఫ్రాయిము, మనష్షేల వలె, కూతుళ్లను శారా, రిబ్కా, రాహేలు, లేయాల వలె ఉండమంటారు. ఆ తరువాతే భోజనం. పస్కా రాత్రి ఇంట్లో అందరికన్నా చిన్నవారు ప్రశ్నలు అడగాలి, పెద్దలు ఐగుప్తు దాస్యం కథ చెప్పాలి. పిల్లల ప్రశ్న అక్కడ ఆరాధనలో భాగం. మన ఇళ్లలో ప్రశ్న అడిగిన యవ్వనస్థులకు తరచుగా దొరికే జవాబు, “ఎదురు మాట్లాడకు.”

స్నేహం సంగతీ అంతే. ఇద్దరు కూర్చుని ఒకే లేఖనాన్ని చదువుతూ వాదించుకునే పద్ధతిని వారు ‘హవ్రుతా’ అంటారు. స్నేహితుడు అనే హెబ్రీ మాటకు అది చుట్టం. అంటే, నీ మాట కాదని చెప్పగలిగినవాడూ నీ నేస్తమే. ఒక ఇంట్లో మరణం జరిగితే, సమాధి చేసిన తరువాత 7 రోజులు స్నేహితులు అన్నం వండి తెస్తారు. దుఃఖంలో ఉన్నవారు నోరు తెరిచేదాకా వచ్చినవారు మాట్లాడకూడదు. యోబు స్నేహితులు మొదటి 7 రోజులు చేసింది ఇదే. మాటలు మొదలయ్యాకే వారు తప్పటడుగు వేశారు. చనిపోయినవారి కోసం చేసే కద్దీష్ ప్రార్థనకు 10 మంది కావాలి. ఒకరి దుఃఖం కోసం మిగతావారు తమ పని మానుకుని రావలసిందే.

ఇదంతా మచ్చలేని చిత్రం కాదు. చాలామంది యూదులు ఇవేవీ పాటించరు. సంప్రదాయవాదులు ఆ 10 మందిలో స్త్రీలను ఇప్పటికీ లెక్కపెట్టరు. వేరే మతస్థులను పెళ్లాడిన బిడ్డను చనిపోయినట్టే ఎంచి ఏడ్చిన కుటుంబాలూ ఉన్నాయి. కులం తప్పిన పెళ్లికి తలుపులు మూసుకునే మనకు వారిని తప్పుపట్టే అర్హత లేదు.

వారి దీపాలు, వారి ఆచారాలు వారివే. మనం వాటిని అరువు తెచ్చుకోనక్కరలేదు. కానీ విశ్రాంతి దినపు ఆజ్ఞ మనకూ తెలుసు. అందులో కొడుకు, కూతురు మాత్రమే కాదు. దాసుడు, దాసి, పరదేశి, చివరికి పశువు కూడా ఉన్నారు. ఆదివారం మనం గుడిలో పాటలు పాడే వేళ మన వంటింట్లో అంట్లు తోముతున్నది ఎవరు? ఆమెకు వారంలో ఒక రోజు సెలవు, ఆ రోజు జీతం కోత లేకుండా ఇస్తున్నామా?

మన ఇంటి భక్తికి మొదటి పరీక్ష అదే.